వెండితెర సోకు, ఆట చేవ

హిమాలయపు కొండ అంచున, సగము విరిగి లోయలోనికి వ్రేలాడుచున్న ఒక రైలుపెట్టె. మంచు కురియుచున్నది. కడుపునకు తగిలిన గుండు గాయమునుండి నెత్తురు కారుచుండగా, నాయకుడు ఒక కమ్మినుండి మరియొక కమ్మికి, ఒక సీటునుండి మరియొక సీటునకు ప్రాకుచు పైకెక్కుచున్నాడు. అతడు పట్టిన కమ్మి పట్టినట్లే వంగుచున్నది, అడుగిడిన చోటు అడుగిడినట్లే ఊడిపడుచున్నది. 2009లో నాటీ డాగ్ సంస్థవారు వెలువరించిన ‘అన్‌ఛార్టెడ్ 2’ అను వీడియో గేము ఈ ఘట్టముతోనే ప్రారంభమగును. ప్రక్కన కూర్చుండి చూచువానికి గుండె దడదడలాడును. కంట్రోలరు చేతబట్టినవానికి మాత్రము అక్కడ చేయవలసిన పని మిక్కిలి స్వల్పము: స్టిక్కును ఎక్కవలసిన దిక్కునకు వంచియుంచుట, నడుమనడుమ దూకుటకై ఒక బటను నొక్కుట. కమ్మి ఎప్పుడు వంగవలెనో ముందే నిర్ణయింపబడియున్నది. వంగినంతమాత్రమున నాయకుడు పడిపోడు.

కంటికి కనుపించు కష్టమునకును చేతికి తగులు కష్టమునకును ఇంత దూరముండుటచేతనే, చలనచిత్రముల ఫక్కిలో నడచు ఈ పోరాటపుటాటలు నిజముగా ఆటలేనా, లేక నడుమ నడుమ బటను నొక్కించుకొను సినిమాలా అను తగవు ఆటగాండ్రలో చిరకాలముగా సాగుచున్నది. నాణెములు పోసి ఆడిన పాతతరమువారు, ఇవి నల్లేరుమీద బండి నడకలని ఈసడింతురు. క్రొత్తతరమువారు, కథయు చిత్రమును ఇంత నిండుగా నున్నప్పుడు కష్టముతో పనియేమని అడుగుదురు. ఇరుపక్షములవారును తమ తమ ఇష్టములనే ప్రమాణముగా చూపుదురు గాని, కష్టమును కొలుచుటకు ఒక గజమును చేతబట్టినవారు అరుదు. అట్టి గజము వీడియో గేములు పుట్టుటకు చాల పూర్వమే మనశ్శాస్త్రపు ప్రయోగశాలలలో సిద్ధమైయున్నది.

1868లో యూట్రెక్టు నగరమందు డోండర్స్ అను డచ్చి శరీరధర్మశాస్త్రజ్ఞుడు, మనుష్యుని మనస్సు ఒక నిర్ణయము చేయుటకు ఎంత కాలము పట్టునో కొలువవచ్చునని చూపెను. ఒకే సూచన, దానికి ఒకే ప్రతిచర్య యైనప్పుడు పట్టు కాలమొకటి. పలు సూచనలలో ఏది వచ్చునో తెలియక, వచ్చినదానికి తగిన ప్రతిచర్యను ఎన్నుకొనవలసినప్పుడు పట్టు కాలము మరియొకటి. ఈ రెండవదానినుండి మొదటిదానిని తీసివేసినచో మిగులునది మనస్సు ఎంచుకొనుటకు తీసికొన్న వ్యవధియని ఆయన వాదము. వెలుగును చూచి వెంటనే మీట నొక్కు ఆరోగ్యవంతునకు సుమారు సెకండులో నాలుగవ వంతో ఐదవ వంతో పట్టును. శబ్దమునకైనచో ఇంకను కొంచెము తక్కువ. అంతకంటె పట్టిన కాలమంతయు ఆలోచన క్రిందికి వచ్చును.

తరువాత 1952లో ఇంగ్లండునందు హిక్ అను శాస్త్రజ్ఞుడు పది దీపములను, పది వ్రేళ్ళకు పది మీటలను అమర్చి, వెలుగుటకు అవకాశమున్న దీపముల సంఖ్యను మార్చుచు కొలిచి, ఆ సంఖ్య రెట్టింపైన ప్రతిమారును ప్రతిచర్యకు పట్టు కాలము ఇంచుమించు ఒకే మొత్తమున పెరుగుచున్నదని కనుగొనెను. రెండు అవకాశములలో ఒకదానిని నిశ్చయించుటకు కావలసిన సమాచారమును సమాచారశాస్త్రమున ఒక ‘బిట్టు’ అందురు. నాలిగింటికి రెండు, ఎనిమిదింటికి మూడు. మరుసటి యేటనే హైమన్ చేసిన ప్రయోగములవలన మరియొక సంగతి తేటపడెను: దీపములెన్ని యున్నవన్నది ప్రధానము కాదు, ఏది వెలుగునో ఎంతవరకు తెలియదన్నదే ప్రధానము. రాబోవునది నిశ్చయముగా తెలిసినచో పది దీపములును ఒక్క దీపముతో సమానమే.

మన అష్టావధానమును ఎరిగినవారికి ఇది క్రొత్త మాట కాదు. అవధాని ఎదుట ఎనమండుగురు పృచ్ఛకులు కూర్చున్నంతమాత్రమున అది అవధానము కానేరదు. నిషేధాక్షరి నడపువాడు అవధాని పలికిన అక్షరమును విని, తరువాత రాదగిన అక్షరమును ఊహించి, దానినే కాదనుచున్నాడు గనుక అక్కడ కష్టము పుట్టుచున్నది. పృచ్ఛకుల ప్రశ్నలన్నియు ముందురాత్రియే చేతికందియుండినచో, సభ ఎంత కిక్కిరిసినను, పద్యము ఎంత శ్రావ్యముగా సాగినను, అది కంఠస్థపాఠమే యగును. ఆటలలోని కష్టమును తూచుటకు కూడ ఇదే త్రాసు చాలును: ఏమి రాబోవునో తెలియనితనమెంత, ఎంచుకొనుటకు గల దారులెన్ని, అందుకొసగిన కాలమెంత, తప్పినచో నష్టమెంత.

ఈ త్రాసులో మొట్టమొదట వేయదగినది 1983లో అమెరికా ఆర్కేడులలో వెలసిన ‘డ్రాగన్స్ లెయిర్’. డిస్నీ స్టూడియోలో పనిచేసి వెలుపలికి వచ్చిన డాన్ బ్లూత్ దానికి బొమ్మలు గీయించెను. ఇతర యంత్రములపై చదరపు చుక్కలు ప్రాకులాడుచున్న దినములలో, లేజర్ డిస్కు సాయమున అచ్చమైన కార్టూను చిత్రమునే తెరపై ఆడించిన ఆ యంత్రము చుట్టు జనము మూగిరి. తక్కిన యంత్రములు ఒక ఆటకు 25 సెంట్లు పుచ్చుకొనుచుండగా ఇది 50 సెంట్లు పుచ్చుకొనెను. డర్క్ అను వీరుడు కోటలోనికి చొరబడి, డ్రాగన్ చెరలోనున్న రాకుమారిని విడిపింపవలెను. కాని ఆటగాడు డర్క్‌ను నడుపుట లేదు. చిత్రము తనంత తాను నడచుచుండును. నిర్ణీతమైన క్షణములందు మాత్రము నాలుగు దిక్కులలో ఒక దిక్కునకు జాయ్‌స్టిక్కు త్రిప్పుటయో, కత్తి బటను నొక్కుటయో చేయవలెను. సరియైనచో చిత్రము ముందునకు సాగును, తప్పినచో డర్క్ మరణించు చిత్రఖండము ఆడును.

ఈ యంత్రము కష్టమైనదా? నాణెములు పోగొట్టుకొన్నవారిని అడిగినచో పరమకష్టమందురు. మొదటిమారు ఆడువానికి ఐదు చేష్టలలో ఏది సరియైనదో చిత్రమును చూచి తెలిసికొను అవకాశము పలుచోట్ల లేనేలేదు గనుక, అతడు చావక తప్పదు. పదిమారులు చచ్చినవానికి ఆ వరుస కంఠస్థమగును. అప్పుడు మిగులునది తెలిసిన దీపమునకు తెలిసిన మీటను నొక్కుటయే. అనగా కష్టమంతయు జ్ఞాపకశక్తిమీద మోపబడినది. చూపునకు గాని యుక్తికి గాని అందులో పాలు లేదు. ఒక్కమారు తుదిముట్ట ఆడినవానికి రెండవమారు ఆడుటకు వెల ఏమియు మిగులలేదు. ఇట్లన్నంత మాత్రమున దానిని చులకన చేయుట నా తాత్పర్యము కాదు. అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియము భద్రపరచిన బహుకొద్ది ఆర్కేడు ఆటలలో ‘పాంగ్’, ‘ప్యాక్‌మ్యాన్’ సరసన అదియు నొకటి.

ఆ పద్ధతియే 1999లో జపానునందు యూ సుజుకి రూపొందించిన ‘షెన్‌మూ’లో ‘క్విక్ టైమ్ ఈవెంట్’ అను పేరు ధరించి, 2005లో వచ్చిన ‘రెసిడెంట్ ఈవిల్ 4’, ‘గాడ్ ఆఫ్ వార్’ అను రెండు ప్రసిద్ధక్రీడల మూలమున లోకమంతట వ్యాపించినది. రాక్షసుడు కుప్పకూలబోవుచుండగా తెరమీద ఒక బటను బొమ్మ వెలుగును. వెంటనే దానిని నొక్కినచో నాయకుడు రాక్షసుని మెడ విరుచును. ఇక్కడ ‘డ్రాగన్స్ లెయిర్’లోని గ్రుడ్డి ఊహ తొలగినది గాని, దానితోపాటు ఆలోచనయు తొలగినది. ఏ బటను నొక్కవలెనో ఆ బటను బొమ్మయే చెప్పుచున్నది. సూచనకును ప్రతిచర్యకును పోలిక ఎంత దగ్గరైనచో ఎన్నుకొనుట అంత సులువగునని ఫిట్స్, సీగర్ అనువారు 1953లోనే ప్రయోగపూర్వకముగా చూపిరి. ఈ ఘట్టములలో ఆ పోలిక పరాకాష్ఠ నందినది.

ఒక లెక్క వేసి చూతము. నాలుగు బటనులలో నొకటి వెలుగు ఘట్టమున ఒక్కొక్క సూచనకు 2 బిట్లు. 3 సెకండ్లకొక సూచన చొప్పున నిమిషమునకు 20 సూచనలు, 40 బిట్లు. శత్రువులతో స్వేచ్ఛగా పోరాడు ఘట్టమున, అర సెకండునకొకమారు ఎనిమిది చేష్టలలో నొకదానిని ఎన్నుకొనవలసి వచ్చినచో ఎన్నికకు 3 బిట్లు, నిమిషమునకు 360. ఇవి తారతమ్యము బోధపడుటకు వేసికొన్న అంకెలే గాని ఏ యొక్క ఆటనో కొలిచి తెచ్చినవి కావు. పైగా ఎనిమిది చేష్టలలో ఏది చేసినను గెలుచు ఆటయందు 360 బిట్లును గాలికి పోవుననుట మరువరాదు. ఐనను, తెర పగిలిపోవునంత ఆర్భాటము జరుగుచున్న క్షణమందే ఆటగాని మనస్సుపై భారము అత్యల్పమగుచున్నదన్న సంగతి ఈ లెక్కవలన స్పష్టమగుచున్నది. తయారుచేయువారికిని ఇది తెలియును. 2018 నాటి ‘స్పైడర్‌మ్యాన్’ ఆటలో ఇట్టి ఘట్టములను యంత్రమే తనంత తాను పూర్తిచేయునట్లు అమర్చుకొను వీలు కల్పించిరి. ఆ వీలును వాడుకొన్నను ఆటలోని తక్కిన పోరాటము రవంతయు మారదు. 2023లో ‘రెసిడెంట్ ఈవిల్ 4’ను మరల నిర్మించినప్పుడు, పాతదానిలో బటను బొమ్మలను చూచి నొక్కుటతోనే సరిపోయిన క్రౌజర్ అను వానితోడి కత్తిపోరును, వాని దెబ్బలను ఆటగాడే స్వయముగా తన కత్తితో అడ్డుకొనవలసిన నిజమైన పోరుగా మార్చిరి. పదునెనిమిదేండ్ల విమర్శకు ఇంతకంటె సూటియైన ఒప్పుదల దొరకదు.

ఇంతమాత్రముచేత చలనచిత్రలక్షణము ఎక్కడ ప్రవేశించినను కష్టము పలాయనము చిత్తగించుననుకొనుట పొరపాటు. 1989లో వెలువడిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ను ఆపిల్ 2 కంప్యూటరుపై నిర్మించుటకై జోర్డన్ మెక్నర్ అను యువకుడు తన తమ్ముడు పరుగెత్తుచు దూకుచు నుండగా వీడియో తీసి, ఆ బొమ్మలను ఒక్కొక్కటిగా గీసికొని నాయకునకు నడక నేర్పెను, కత్తియుద్ధమునకు 1938 నాటి రాబిన్ హుడ్ చిత్రములోని ఎర్రల్ ఫ్లిన్ ద్వంద్వయుద్ధమును మాదిరిగా గైకొనెను. ఇంత సినిమాతనమును ఆశ్రయించిన ఆట అంతకుముందు అరుదు. కాని ఫలితమేమి? నిజమైన మనుష్యుడు పరుగు ఆపవలెనన్న ఒకటి రెండడుగులు పట్టును, దూకవలెనన్న మోకాలు వంపవలెను; ఆ శరీరధర్మమంతయు ఆటలోనికి దిగివచ్చెను. 1985 నాటి ‘సూపర్ మారియో’లో నాయకుడు గాలిలోనున్నప్పుడు కూడ ఆటగాడు వాని దారి మార్చవచ్చును. పర్షియా రాకుమారుడు దూకిన తరువాత పశ్చాత్తాపపడుటకు వీలులేదు. కావున గోతి అంచు కంటబడిన పిమ్మట బటను నొక్కినవాడు గోతిలో పడును. అంచు రాకముందే అడుగులు లెక్కపెట్టుకొని నొక్కినవాడు దాటును. చూచి స్పందించుటకంటె ముందుగా ఊహించి స్పందించుట మెదడునకు వేరొక పని, పెద్ద పని. దానికితోడు ఆట మొత్తమును 60 నిమిషములలో ముగింపవలెనన్న గడువొకటి. 2011లో హిదెతాకా మియాజాకి ‘డార్క్ సోల్స్’లో, ఒకసారి ఎత్తిన కత్తిని మధ్యలో దింపనీయని నియమముతో లోకమును ఏడిపించినప్పుడు, చాలమందికి అది క్రొత్తగా తోచెను గాని, దాని బీజము ఇక్కడనే యున్నది.

కాగా సినిమాతనము కష్టమునకు స్వభావశత్రువు కాదని తేలినప్పుడు, ఈ కాలపు భారీ ఆటలలో అది ఏల శత్రువుగా వర్తించుచున్నది? నాకు తోచిన కారణము పునరుక్తి. చలనచిత్రమందలి ఉత్కంఠ ఒక్కమారు చూచుటకే ఏర్పడినది. వంతెన కూలిన దృశ్యమును నాలుగుమార్లు వరుసగా చూచినవానికి అది విసుగు పుట్టించును. నేర్పు అట్లు కాదు. అది పునరుక్తివలననే పెరుగును. ఓడుట, మరల ఆడుట, ఏల ఓడితినని తెలిసికొనుట, ఈ మూడు లేనిదే ఏ కష్టమును మనుష్యుడు జయింపజాలడు. ఒకే ఘట్టమును ఉత్కంఠతోను కష్టముతోను నింపబూనిన రూపకర్త ఈ రెండింటిలో ఒకదానిని త్యాగము చేయక తప్పదు. నెలల తరబడి ఎందరో కళాకారులు చెమటోడ్చి కూర్చిన వంతెనను ఆటగాడు తిట్టుకొనుచు చూచుట ఆయనకు ఇష్టముండదు గనుక, త్యాగము కష్టమునకే కలుగుచున్నది.

ఆ త్యాగము బయటికి కనుపింపకుండ చేయు హస్తలాఘవము చాల చక్కనిది. ఈ విద్యను నేను నిందింపజాలను. ఎక్కవలసిన రాతి అంచునకు పసుపురంగు పూసియుంచుట, నాయకుడు కొంచెము గురి తప్పి దూకినను ఆ అంచే వానిని అయస్కాంతమువలె లాగుకొనుట, తుపాకి గురి శత్రువు దాపునకు రాగానే నెమ్మదించి వానిమీద నిలుచుట, ఇవన్నియు అందరెరిగినవే. ‘బయోషాక్’ అను 2007 నాటి ఆటలో శత్రువు పేల్చు మొదటి గుండు కావలెననియే గురి తప్పునట్లు అమర్చిరి. పదిమంది శత్రువులు చుట్టుముట్టినను, ఒకేసారి కొట్టుటకు ఇద్దరికో ముగ్గురికో మాత్రమే ‘అనుమతి’ యొసగి, తక్కినవారిని ఊరక రంకెలు వేయుచు తిరుగనిచ్చు ఏర్పాటు చాల ఆటలలో కలదు. మన పాత సినిమాలలో కథానాయకుని చుట్టు మూగిన రౌడీలు ఒక్కొక్కడుగా వచ్చి తన్నులు తినుట చూచి నవ్వినవారము, అదే మర్యాదను కంప్యూటరు మనకొసగుచుండగా గమనింపకున్నాము. ‘క్రాష్ బ్యాండికూట్’ 1996లోనే, ఒకచోట పలుమారులు చచ్చినవానికి ఒక రక్షకపు ముసుగును చల్లగా చేతికందించెను. ‘రెసిడెంట్ ఈవిల్ 4’ ఆటగాని తీరును లోలోపల గమనించుచు శత్రువుల గట్టితనమును పెంచుచు తగ్గించుచు నుండెను. కష్టమును గెలిచితినని పొంగిపోవునట్టి ఆటగాడు పలుమారులు గెలిచినది, తనకొరకు తగ్గింపబడిన కష్టమును.

ఇక ఈ చిక్కును విప్పినవారున్నారా యన్నచో, ఉన్నారు. 2019లో మియాజాకి బృందము వెలువరించిన ‘సెకిరో’ను తీసికొందము. జపాను కత్తివీరుల చిత్రములలోని ద్వంద్వయుద్ధములకు దీటైన దృశ్యములు దానియందు కలవు. నిప్పురవ్వలు, పూలరేకులు, మంచు, మౌనము, ఏ లోపమును లేదు. అందులోను క్విక్ టైమ్ ఘట్టమును తలపించు సూచన యొకటి యున్నది: శత్రువు ఘోరమైన దెబ్బ కొట్టబోవునపుడు తెరమీద ‘ప్రమాదము’ అను అర్థముగల ఎర్రని చిత్రాక్షరము వెలుగును. కాని అది ఏమి చేయవలెనో చెప్పదు. రాబోవునది పొడుపు కావచ్చును, నేలబారున కోత కావచ్చును, లేదా పట్టు కావచ్చును. పొడుపైనచో కత్తికి ఎదురుగా అడుగువేసి దానిని త్రొక్కవలెను, కోతయైనచో పైకెగురవలెను, పట్టైనచో తప్పుకొనవలెను. పొడుపునకు ఎగిరినవాడును, కోతకు అడుగువేసినవాడును దెబ్బతినక తప్పదు. అక్షరము మూడింటికి ఒక్కటే. తేడా అంతయు శత్రువు భుజము వంగిన తీరులో, కత్తి పట్టిన ఎత్తులో, అడుగు మోపిన విధమున దాగియున్నది. సూచన చూచి నొక్కువాడు ఇక్కడ ఓడును. శత్రువును చూచువాడు గెలుచును. మూడింటిలో నొకటి యనగా హిక్ లెక్కలో రెండు బిట్లైనను కాదు. ఐనను ఆ కొద్దిపాటి అనిశ్చయమును సెకండులో కొంత భాగమునకు కుదించి, దృశ్యసౌందర్యమునే సమాచారముగా మార్చుటవలన, ఎన్నిమారులు ఓడినను ఆ దృశ్యము మాసిపోదు, ఏలననగా ప్రతిమారును అది క్రొత్తగా చదువవలసిన దృశ్యము. కాఠిన్యమును తగ్గించుకొను మీట యొక్కటియు లేని ఈ ఆటయే ఆ సంవత్సరపు ‘ది గేమ్ అవార్డ్స్’లో ఉత్తమక్రీడగా ఎన్నికయ్యెను.

2018లో కోరీ బార్లాగ్ నడిపించిన ‘గాడ్ ఆఫ్ వార్’ మరియొక దారి త్రొక్కినది. మొదటినుండి తుదివరకు కెమేరా ఒక్క కోతయు లేక ఒకే షాటుగా సాగునట్లు తీర్చిన ఈ ఆటలో కథాభాగము సామాన్యస్థాయిలో ఓపికగలవాడెవడైనను ముగింపగలిగినదే. నిజమైన పరీక్ష కథకు వెలుపల నున్నది: వాల్కిరీలనబడు తొమ్మండుగురు యోధురాండ్రు అక్కడక్కడ దాగియున్నారు, వారిని ఓడింపకున్నను కథకు లోటు లేదు. తుదిదైన సిగ్రున్ అను రాణి తక్కిన ఎనమండుగురి యుద్ధరీతులను తానొక్కతెయే కలిపి ప్రయోగించుటచేత, ఆ ఎనమండుగురిని ఎదుర్కొని నేర్చినవానికే ఆమె చేష్టలు అర్థమగును. ఉత్కంఠను కథలోను, పునరుక్తిని కథ వెలుపలను ఉంచుట తెలివైన పంపకమే. ఐనను ‘సెకిరో’ చేసిన సమన్వయముతో పోల్చినచో ఇది రాజీ క్రిందికే వచ్చునని నా యభిప్రాయము. అక్కడ ఒకే పాత్రలో వండిన దానిని ఇక్కడ రెండు పాత్రలలో వండిరి.

కఠినస్థాయి యన్న పేరుతో కొన్ని ఆటలు చేయు మోసమును కూడ ఇచ్చట చెప్పక తప్పదు. శత్రువు ప్రాణమును మూడింతలు చేసి, మన ప్రాణమును మూడవ వంతు చేసినంతనే కష్టము పెరిగినట్లు కాదు. ముందు పదిమారులు కొట్టినవానిని ఇప్పుడు ముప్పదిమారులు కొట్టవలెను, ఎంపికలు మాత్రము మునుపటివే. ఇది ఓర్పునకు పరీక్ష.

అట్లని సామాన్యస్థాయిలో ఆడిన ఆట మనస్సుకు ఏ పనియు చెప్పదనరాదు. 2003లో గ్రీన్, బవేలియర్ అను శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికయందు ప్రకటించిన ప్రయోగములో, పోరాటపుటాటలకు అలవాటుపడనివారిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుచేత 10 దినములు దినమునకొక గంట చొప్పున ‘మెడల్ ఆఫ్ ఆనర్’ను, వేరొక జట్టుచేత అంతే కాలము ‘టెట్రిస్’ను ఆడించిరి. దృష్టిని చుట్టును చెదరగొట్టి, చూడవలసినదానిని ఏరుకొను పరీక్షలలో మొదటి జట్టు ఎక్కువ మెరుగుపడెను. ఆ ‘మెడల్ ఆఫ్ ఆనర్’ పరంపరకు మూలపురుషుడు చలనచిత్రదర్శకుడు స్టీవెన్ స్పీల్బర్గేయన్నది ఇచ్చట గమనింపదగిన సంగతి. ఈ లాభము ఎంతకాలము నిలుచును, ఎంతవరకు విస్తరించునన్న విషయమున తరువాతివారు విభేదించిరి గాని, తెరమీది యుద్ధకోలాహలమున నలువైపులనుండి ఎవడు పైబడునో తెలియని స్థితి చూపునకు నిజమైన వ్యాయామమేయని దానివలన తేలినది. స్పీల్బర్గు సొంపుతో పాటు అనిశ్చయము కూడ ఉండుటచేతనే ఆ వ్యాయామము సిద్ధించినది.

కావున నా తీర్పిది: భారీ చలనచిత్రక్రీడలు సామాన్యస్థాయిలో, వాని ప్రకటనలలో చూపు మహాదృశ్యములలో, నిజమైన కష్టమును ఇచ్చుట లేదు, ఆ దృశ్యముల నడుమనున్న స్వేచ్ఛాయుద్ధములలో ఇయ్యగలవు, కాని ఆటగాడు అడిగిననే యిచ్చును. ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ రెండవ భాగము 2020లో ఈ అడుగుటను ఐదు మీటలుగా విడదీసి, ఆటగాని బలము, శత్రువుల తీరు, తోడివారి సాయము, దాగియుండు నేర్పు, దొరకు సామగ్రి, వీనిలో దేనికది వేరుగా పెంచుకొనుటకును తగ్గించుకొనుటకును అవకాశము కల్పించెను. కథ కొరకు ఆడువారు అన్నిటిని తగ్గించుకొనుటలో చిన్నతనమేమియు లేదు. చేవ కొరకు ఆడదలచినవారు మాత్రము, సామాన్యస్థాయిలో రెండు గంటలాడి ‘ఇందులో ఏమున్నది’ అని పెదవి విరుచుటకు ముందు, శత్రువుల మీటనొక్కదానిని పైకి జరిపి చూడవలెను. 2018 ‘గాడ్ ఆఫ్ వార్’లో ఐతే ఒక జాగ్రత్త అవసరము: అందలి అత్యంత కఠినస్థాయిని ఆట ఆరంభమందే ఎంచుకొనవలెను, ఒకసారి ఎంచుకొన్న పిమ్మట దానిని తగ్గించుకొనుటకు వీలులేదు.